హుక్కాకు ప్రతిపదార్థం

సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ సామాను పెట్టిన అద్దాల బీరువా ముందు ఒకసారి మా పెదనాన్న కదలకుండా నిలబడిపోయారు. లోపల నల్లటి పాత్ర. జానెడు ఎత్తు. గుడి గంటని బోర్లించి మీద చిన్న మెడ అతికించినట్టుంది. ఒంటినిండా వెండి పూలమొక్కలు. ఆయనది కోనసీమ. యాభై ఏళ్లుగా చుట్ట కాల్చిన మనిషి. పొగాకు సంగతి ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. వంగి అటు చూశారు, ఇటు చూశారు. "ఏరా, ఇందులో పొగాకు ఎక్కడ పెడతార్రా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. చీటీలోనూ లేదు. ఇలాంటి వస్తువు పక్కన ఏ మ్యూజియంలో చూసినా చీటీ దాదాపు ఒకే అచ్చు: ఫర్షీ హుక్కా, బిద్రీ, వెండి తాపడం, దక్కన్, 18వ శతాబ్దం. మన పాత వ్యాఖ్యాతలు ఒక్క సీసపద్యానికి పేజీలకు పేజీలు టీక రాసేవారు. ఈ నాలుగు మాటలకీ, అంతకన్నా ముఖ్యంగా అందులో రాయని మాటలకీ అలాంటి టీక ఒకటి రాస్తే పెదనాన్న ప్రశ్నకి జవాబు దొరుకుతుందేమో అనిపించింది.

హుక్కా: అరబ్బీ మాట. మొదటి అర్థం డబ్బా, భరిణె, చిన్న జాడీ. అంటే ఇది నీళ్లు పోసే పాత్ర ఒక్కదాని పేరు. తర్వాత్తర్వాత గొట్టాలూ నిప్పులూ కలిసిన మొత్తం సరంజామాకి అదే పేరైంది. ఆలంకారికులైతే లక్షణ అనేవారు. కాబట్టి బీరువాలో ఒంటరిగా కూర్చున్న ఆ పాత్రని హుక్కా అనడంలో తప్పులేదు. పొగతాగడానికి పనికిరాదు, అంతే.

దీనికే ఇంకో పేరు నార్గీలా. పారసీకంలో నార్గీల్ అంటే కొబ్బరికాయ, మన నారికేళమే అటు ప్రయాణం కట్టింది. పేదవాడి హుక్కాకి కొబ్బరి చిప్పే నీళ్లకుండ. పైన కన్నం పెట్టి గొట్టం దింపితే చాలు, గుడగుడమంటుంది. నవాబుల కోసం చేసిన తొలినాటి పాత్రలు కూడా గుండ్రంగా బంతిలాగే ఉండేవి. నేల మీద పెడితే దొర్లిపోతాయి కాబట్టి కింద చుట్టకుదురు లాంటి వలయం కావాల్సి వచ్చేది. కొబ్బరికాయే వెండి పూలు తొడుక్కుని దర్బారుకి వెళ్లిందని నాకనిపిస్తుంది. మా పెరట్లో కాయకి అంత వంశగౌరవం ఉందంటే పెదనాన్న నమ్మేవారు కాదు.

హుక్కాని కనిపెట్టినవాడిగా అక్బరు ఆస్థాన వైద్యుడు హకీం అబుల్ ఫత్ గీలానీ పేరు చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. పొగ నీళ్లలోంచి వస్తే శుద్ధి అవుతుందని ఆయన సలహా ఇచ్చాడట. ఆయన 1589లో పోయాడు. అక్బరు మొదటిసారి పొగాకు చూసిన సందర్భం 1604 ప్రాంతంలో జరిగిందని చూసినవాడే రాసిపెట్టాడు. ఈ రెంటికీ పొత్తు కుదరదు. నేనైతే రాసిపెట్టినవాణ్ణే నమ్ముతాను. నీళ్లు పొగని చల్లబరుస్తాయి గానీ శుద్ధి చెయ్యవు. గంటసేపు హుక్కా పీల్చే మనిషి నూరు సిగరెట్లకి సరిపడా పొగ మింగే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే చెప్పింది. తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లని నిషేధించింది. ఇప్పుడు హైదరాబాదులో హుక్కాకి చట్టబద్ధమైన చిరునామా అద్దాల బీరువాయే.

ఫర్షీ: ఫర్ష్ అంటే నేల, నేల మీద పరిచిన తివాచీ. నేల మీద కూర్చోబెట్టే హుక్కా ఫర్షీ. చేత్తో పట్టుకుని తిరిగే చిన్నదానికి గుర్‌గురీ అని వేరే పేరుంది. 18వ శతాబ్దం నడిమికి బంతి ఆకారం పోయి గంట ఆకారం వచ్చింది. అడుగు వెడల్పు కాబట్టి ఒరగదు, వలయంతో పని లేదు. తివాచీ పాడవకుండా కింద ఒక చిన్న చాప, దాని పేరు జేర్‌అందాజ్. దానికీ జరీ పని చేయించుకునేవారు. డబ్బున్నవాడి ఇంట్లో హుక్కా కింద చాపకి కూడా అంతస్తు ఉంటుంది.

బిద్రీ: బీదరు ఊరిది అని అర్థం. ఆ ఊరు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోదే, ఇప్పుడు కర్ణాటకలో ఉంది. పని బహమనీ సుల్తానుల కాలంలో మొదలైందని అక్కడివాళ్ల నమ్మకం. 2006లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

నల్లగా నిగనిగలాడుతుంటే చాలామంది ఇనుమనుకుంటారు, కొందరు నల్లరాయనుకుంటారు. నిజానికది యశదం. పదహారు పాళ్ల యశదానికి ఒక పాలు రాగి. ఈ రెంటినీ కలపడం తేలిక కాదు. రాగి కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి, యశదం 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. కరిగిన లోహాన్ని మట్టి మూసలో పోస్తారు. చల్లారి బయటికొచ్చిన పాత్ర అసలు నల్లగా ఉండదు, బూడిదరంగులో పాత సత్తుగిన్నెలా ఉంటుంది. ఆకురాయితో నున్నగా చేసి మైలుతుత్తం నీళ్లు రుద్దుతారు. అప్పుడు తాత్కాలికంగా నల్లబడుతుంది. ఆ నలుపు మీద ఉలి మొనతో గీస్తే గీత తెల్లగా కనబడుతుంది. పిల్లవాడు పలక మీద రాసినట్టే. ముగ్గుగొట్టం లేదు, కొలబద్ద లేదు, పూవు చేతిలోంచే దిగుతుంది.

గీసిన గాడిలో వెండి తీగ పెట్టి సుత్తితో మెల్లగా కొడతారు. మళ్లీ మొత్తం నున్నగా రుద్దుతారు. ఇప్పుడు పాత్ర బూడిదరంగు, వెండీ దాదాపు అదే రంగు. ఇంత పని చేసీ ఏమీ కనబడదు. అసలు తమాషా ఇక్కడ. బీదరు కోటలో ఎండా వానా తగలని పాత గోడల దగ్గర మట్టి తెస్తారు. పనికొచ్చే మట్టో కాదో నాలుక మీద పెట్టుకుని తేలుస్తారు. దాన్ని నవాసాగరంతో కలిపి కాచి, వేడెక్కించిన పాత్రకి పట్టిస్తారు. చూస్తుండగానే పాత్ర కాటుకలా నల్లబడుతుంది. వెండికి మాత్రం ఏమీ కాదు. ఒక్క క్షణంలో పూలన్నీ చీకట్లోంచి లేచి నిలబడతాయి. లోహంలో ఆ ఒక్క పాలు రాగి ఉండబట్టే ఇంత నలుపు. ఒట్టి యశదానికి ఈ మట్టి పూస్తే ఇలా నల్లబడదు. చివర కొంచెం నూనె రాసి తుడుస్తారు.

తర్వాతి కాలంలో లక్నో, ముర్షిదాబాదు, పూర్ణియాలు కూడా ఈ పని నేర్చుకున్నాయి. పేరు మాత్రం బీదరుదే నిలిచింది.

వెండి తాపడం: చీటీ రాసినాయన ఇక్కడ కొంచెం తొందరపడ్డాడు. తాపడం అంటే పైన రేకు కప్పడం, ధ్వజస్తంభానికి ఇత్తడి తాపడం చేసినట్టు. ఇది పొదగడం. తీగతో పొదిగితే తార్‌కషీ. వెండి రేకుని కత్తిరించి గాడిలో కూర్చితే అది వేరే రకం, దానికి వేరే పేరు. అలా రేకుతో పొదిగిన పువ్వు మీద వేలు పెట్టి చూస్తే అంచు తగలకూడదు, అదే పనితనం. బీరువా అద్దం మీద వేలు పెట్టి చూడబోయి పెదనాన్న కాపలావాడి చేత చివాట్లు తిన్నారు.

దక్కన్: మొగలాయి దర్బారుకి పొగాకు వెళ్లింది ఇక్కణ్ణుంచే. అసద్ బేగ్ అనే ఉద్యోగిని అక్బరు బీజాపూరు పంపాడు. అక్కడి సుల్తాను ఆదిల్‌షా కూతుర్ని తన కొడుకు దానియాల్‌కి పెళ్లి చేసి తీసుకురావడం అతని పని. బీజాపూరులో అతనికి పొగాకు తగిలింది. అంతకుముందు ఈ దేశంలో అలాంటిది చూడలేదట. బోలెడు కొని, చక్రవర్తికి కానుకగా ఇవ్వడానికి ఒక పొగగొట్టం తయారుచేయించాడు. సుమత్రా దీవి ఆచే రేవునుంచి వచ్చిన మూడు మూరల గొట్టం, రెండు కొసల్లో రత్నాలు, మీనా పని. నోట్లో పెట్టుకునే చోట యెమెన్ ఎర్రరాయి. నిప్పుకి బంగారు గిన్నె. అన్నీ వెండి పళ్లెంలో పేర్చి అక్బరు ముందు పెట్టాడు.

అక్బరు ఇదేమిటన్నాడు. పాలతల్లి కొడుకు ఖాన్ ఆజం అందుకుని, ఇది పొగాకు, మక్కా మదీనాల్లో అందరికీ తెలుసు, తమకి మందుగా తెచ్చాడు అన్నాడు. అక్బరు రెండు మూడు దమ్ములు లాగాడు. వైద్యుడు కంగారుపడి అక్కడితో ఆపించాడు. మా గ్రంథాల్లో లేని వస్తువుని ఎలా సమ్మతిస్తాం అన్నది వైద్యుడి వాదన. కొత్తదన్నంత మాత్రాన తోసెయ్యడమేనా, మంచిచెడ్డలు విచారించొద్దా అన్నది అసద్ బేగ్ వాదన. ఇంత తగవూ విన్నాక కూడా అక్బరు అలవాటు చేసుకోలేదు. ఉమరావులు మాత్రం అసద్ బేగ్ ఇంటిమీద పడ్డారు. తెచ్చిందంతా పంచాక వర్తకులు రంగంలోకి దిగారు. ఆ వర్ణనలో గొట్టం ఉంది, గిన్నె ఉంది, నీళ్లపాత్ర ఊసు లేదు. వస్తువు ఇంకా అంతస్తులు ఎక్కుతోందన్నమాట.

కొడుకు జహంగీరు 1617లో పొగాకుని నిషేధించాడు. తాను మాత్రం మద్యమూ నల్లమందూ పుచ్చుకుంటూనే ఉన్నాడు. పెర్షియాలో షా అబ్బాస్ కూడా నిషేధించాడు. అక్కడికి రాయబారిగా వెళ్లిన ఖాన్ ఆలం పొగ లేకుండా గడియ ఉండలేడని తెలిసి, ఆయనొక్కడికీ షా మినహాయింపు ఇచ్చాడు. జహంగీరే ఈ ముచ్చట తన ఆత్మకథలో రాసుకున్నాడు. నిషేధం ఎవరికి, మినహాయింపు ఎవరికి అన్నది అప్పుడూ తెలిసిన విషయమే.

18వ శతాబ్దం: ఈ మాటకి మొగలాయీల కన్నా కంపెనీ దొరల దగ్గరే ఎక్కువ కథ ఉంది. కలకత్తాలో దిగిన తెల్లవాడు హుక్కా నేర్చుకోకపోతే మర్యాదస్తుల్లో లెక్కకి రాడు. 1777లో ఆ ఊరు చేరిన విలియం హికీ అనే వకీలుకి మొదటి సలహా ఇదేనట. అతనికి పొగ పడలేదు, మానేశాడు. వారెన్ హేస్టింగ్స్ దంపతులు 1779లో సంగీతానికీ విందుకీ పిలుస్తూ పంపిన పత్రికలో, హుక్కాబర్దారు తప్ప వేరే నౌకర్లని వెంట తేవద్దని మనవి చేశారు. వడ్డించేవాడు లేకపోయినా ఫర్వాలేదు, పొగ అందించేవాడు లేకపోతే అతిథి రాడు. ఒకరి హుక్కా గొట్టాన్ని ఇంకొకరు దాటడం పెద్ద అవమానం.

ముర్షిదాబాదు చిత్రకారుడు దీప్‌చంద్ వేసిన బొమ్మ ఒకటి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. కంపెనీ డాక్టరు విలియం ఫుల్లర్టన్‌గా భావించే దొర మేడ మీద తివాచీ పరిచి, బాలీసుకి ఆనుకుని, హుక్కా గొట్టం చేతపట్టుకుని ఉంటాడు. టోపీ కోటు తీసేస్తే నవాబు కూర్చున్న తీరే. మన హైదరాబాదులో ఈ వేషం పూర్తిగా కట్టినవాడు రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. ఖైరున్నీసాని నిఖా చేసుకుని, మొగలాయి దుస్తుల్లో తిరిగి, హష్మత్ జంగ్ అనే బిరుదుతో బతికాడు. ఆయన కట్టించిన భవనంలోనే తర్వాత కోఠీ ఉమెన్స్ కాలేజీ నడిచింది.

చీటీ అయిపోయింది. ఇక దానిలో లేని మాటలు.

చిలుము: పెదనాన్న ప్రశ్నకి ఇది జవాబు. పొగాకు పెట్టే గిన్నె. అది పాత్ర మీద ఉండదు, పాత్రలోంచి పైకి లేచే గొట్టం కొసన, మనిషి మోకాలంత ఎత్తున కూర్చుంటుంది. బైరాగి అరచేతిలో పెట్టుకుని లాగే చిలుమూ ఇదే కుటుంబం. తెలుగులో చిలుముకి ఇంకో అర్థం ఉంది, రాగి చెంబుకి పట్టే పచ్చటి మైల. ఏదైనా తుడవకపోతే పేరుకునేదే.

గిన్నెలో పొగాకు మీద ఒక పలచటి బిళ్ల, పేరు తవా. నిప్పు నేరుగా పొగాకుకి తగిలితే మాడి చేదెక్కుతుంది, తవా మీద పెడితే సన్నటి సెగ మీద ఉడుకుతుంది. గొలుసులు వేలాడే జాలీ మూత, సర్‌పోష్, గాలికి నిప్పురవ్వలు తివాచీ మీద పడకుండా కాస్తుంది.

గుల్: పొగాకు మీద పెట్టే బొగ్గుండ. బొగ్గుపొడిని గంజితో కలిపి ముద్దచేసి ఎండబెడతారు. వంటబొగ్గులా చిటపటలాడదు, పొగ రాదు, చాలాసేపు ఒకేలా రాజుకుని ఉంటుంది. గుల్ అంటే ఉర్దూలో పువ్వు కూడా. నిప్పు రాజుకున్నప్పుడు చూస్తే ఆ పేరు ఎందుకో అర్థమవుతుంది. దీపం గుల్ చెయ్యడం అంటే మాత్రం ఆర్పేయడం.

ఖమీరా: పులియబెట్టిన పొగాకు. ఆకుని దంచి, బెల్లపు పాకం, బాగా మగ్గిన పళ్లు, సుగంధద్రవ్యాలు కలిపి, కుండలో మూతేసి నెలల తరబడి పెడతారు. బయటికొచ్చేది జిగట ముద్ద. మనవాళ్లు గుడాకు అన్నది ఈ జాతిదే. ఇప్పటికీ మన దేశపు సుంకాల పట్టికలో హుక్కా పొగాకు, గుడాకు ఒకే వరసలో కనబడతాయి. పాత్రలో నీళ్లకి బదులు పన్నీరు పోసేవాళ్లూ ఉండేవారు. ఇంటి ఖమీరా ఘుమఘుమని బట్టి ఇంటి అంతస్తు తెలిసేది. ఇదంతా ఆ పూటకే బూడిద. మ్యూజియం దాచుకోగలిగిందేమీ లేదు.

నైచా, పేచ్వాన్: నైచా పాత్ర మెడలో దిగే గొట్టాల జత. ఒకటి చిలుము నుంచి కిందికి దిగి కొస నీళ్లలో మునిగి ఉంటుంది. రెండోది నీళ్లకి పైనే ఆగి బయటికి వస్తుంది. బయటి కొసన పీల్చితే పాత్రలో నీళ్ల పైన ఉన్న గాలి తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి చిలుములోని పొగ కిందికి దిగి, నీళ్లలోంచి బుడగలై పైకొస్తుంది. గుడగుడ అదే. మెడ దగ్గర గుడ్డ బిగువు తప్పి గాలి దూరిందా, ఎంత లాగినా గుడగుడ రాదు, దొరగారికి కోపం వస్తుంది.

పేచ్వాన్ అంటే మెలికలు తిరిగిన పొడుగు గొట్టం. తీగని స్ప్రింగులా చుట్టి, దాని మీద భూర్జపత్రం కప్పి, పైన గుడ్డ, ఆ మీద పట్టు, జరీ. ఒకప్పుడు కాశ్మీరులో గ్రంథాలు రాసుకున్న భూర్జపత్రమే ఇది. తేమ తగిలినా తొందరగా చెడదు, ఎటంటే అటు వంగుతుంది. గొట్టం ఎంత పొడుగైతే పొగ అంత చల్లన, కూర్చున్న మనిషి నిప్పుకి అంత దూరం. చెక్క, పట్టు, బెరడు అన్నీ చివికిపోయేవే. వెండి చిలుములూ మూతలూ కరువొచ్చినప్పుడు కరిగిపోతాయి. యశదపు పాత్రని కరిగిస్తే ఏం వస్తుంది? అందుకే అది మిగిలింది.

ముహ్నాల్: నోటి దగ్గరి ముక్క. వెండి, పచ్చరాయి, స్ఫటికం, ఎవరి తాహతు వాళ్లది. హుక్కా పదిమంది మధ్య తిరిగినా ముహ్నాల్ మాత్రం ఎవరిది వాళ్లదే. జేబులో పెట్టుకుని వెళ్లి, తన వంతు రాగానే తగిలించుకుని, అయ్యాక తీసి జేబులో వేసుకునేవారు. ఇంత పెద్ద సరంజామాలో యజమాని చేతికీ నోటికీ తగిలేది ఈ వేలెడు ముక్క ఒక్కటే.

హుక్కాబర్దారు: బర్దార్ అంటే మోసేవాడు. ఈయన పని పొద్దున పాత్ర కడగడంతో మొదలు. పాత నీళ్లు పారబోయాలి, నైచాలో పేరుకున్న జిడ్డుని కడ్డీ పెట్టి తియ్యాలి, గొట్టాన్ని నీళ్లతో తడిపి ఆరబెట్టాలి. ఖమీరా ముద్దని చిలుములో మరీ బిగువుగా కాకుండా, వదులుగా కాకుండా అద్దాలి. గుల్ రాజెయ్యాలి. తర్వాత అసలు పరీక్ష. తనే నాలుగు దమ్ములు లాగి, పొగ సరైన దారిలో పడ్డాక, ముహ్నాల్ మార్చి దొరకి అందించాలి. మొదటి ఘాటు, మొదటి దగ్గు ఇతనివి. అక్కణ్ణుంచి వెనకాలే నిలబడి, నిప్పు మసకబారకముందే మార్చాలి. విందు నుంచి నాటకానికి, నాటకం నుంచి ఇంటికి పాత్రా నిప్పూ మోసుకుంటూ నడవాలి. పల్లకీలో దొర, పల్లకీ పక్కన పరుగులో పాత్ర పట్టుకున్న ఇతను.

విలాసమంటే వెండి పూలనుకుంటాం. పాత్ర ఒకసారి కొంటే తరాలు వస్తుంది. గంటగంటకీ ఖర్చయ్యేది ఈ మనిషి. పాత చిత్రాల్లో వెతకండి, అంచున ఎక్కడో ఉంటాడు, ముఖం పక్కకి తిరిగి, చూపు చిలుము మీద. చిత్రం కింద యజమాని పేరుంటుంది.

చుట్ట: ఇది ఏ చీటీలోనూ ఉండదు, టీకలో పెట్టక తప్పదు. ఇంగ్లీషువాడి చెరూట్ అనే మాట తమిళ సురుట్టు నుంచి వచ్చింది, మన చుట్టకి చుట్టమే. 19వ శతాబ్దం నడిచేకొద్దీ దొరల బల్లల దగ్గర హుక్కా పలచబడి చెరూట్ వచ్చింది. నౌకరు అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, తివాచీ అక్కర్లేదు. తర్వాత సిగరెట్ వచ్చి నవాబులనీ పట్టుకుంది. 1937లో టైం పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసిన ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాల్చింది చౌకరకం చార్మినార్ సిగరెట్లని ఊరంతా చెప్పుకుంటుంది.

మ్యూజియం నుంచి బయటికొచ్చి, మూసీ ఒడ్డున గోడ నీడలో పెదనాన్న నడుం దగ్గర్నుంచి పొట్లం తీశారు. లంక పొగాకు చుట్ట. కొస కొరికి ఉమ్మేసి, రెండు చేతులూ దొప్పలా పట్టి, గాలికి వీపు పెట్టి, ఒక్క పుల్లతో అంటించారు. నాలుగు దమ్ములు లాగాక బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూశారు. నిప్పుని గోడకి నొక్కి ఆర్పి, మిగిలిన సగం చుట్టని చెవి వెనక పెట్టుకుని, "పదరా" అన్నారు.